బడిలో పిల్లల చూపు పరీక్ష: చార్టు ఎక్కడ కట్టాలి, ఎవరిని పంపాలి, కళ్ళజోడు వచ్చాక ఏం చూడాలి

లంకబడి మాష్టారు
కోనసీమలో ఏటిగట్టు పక్క ప్రాథమికోన్నత పాఠశాల మాది. 118 మంది పిల్లలు. ఆరోగ్య బృందం వచ్చేలోపు మేమే ఒక విడత చూపు పరీక్ష చేసి, అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు సిద్ధంగా పెట్టాలనుకుంటున్నాం. మూడు సందేహాలు. తరగతి గది పొడవు 5 మీటర్లే, వరండా 9 మీటర్లుంది కానీ కొబ్బరితోట నీడ పడుతుంది. ఏది మేలు? ఏ వరుస చదవలేకపోతే ఆసుపత్రికి పంపాలి? ఇద్దరు టీచర్లం ఒక పూటలో ఎంతమందిని చూడగలం?

భీమవరం ఆప్టోమెట్రీ
వరండాయే మేలు మాష్టారూ, కాకపోతే చార్టు ఏ చివర కడతారన్నది ముఖ్యం. చార్టు వెనక ఆకాశం కనపడకూడదు. వెనక వెలుగుంటే అక్షరం మసకగా కనిపిస్తుంది, మంచి చూపున్న పిల్లవాడూ తప్పుతాడు. గోడకు కట్టండి, వెలుతురు చార్టు మీద పడాలి, పిల్లవాడి ముఖం మీద పడకూడదు. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు చెయ్యండి. మబ్బు పట్టి వాన ముసురుకున్న రోజు ఆపెయ్యండి. ఆ రోజు తప్పినవాళ్ళ పేర్లు సగం రెండో రోజు కొట్టెయ్యాల్సి వస్తుంది.

దూరం 6 మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. టేపుతో కొలవండి. నైలాన్ తాడుకు ముడి వేసి కొలిస్తే తాడు సాగుతుంది, అడుగులతో కొలిస్తే మీ అడుగు నా అడుగు ఒకటి కాదు. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, పిల్లవాడి మడమలు గీత మీద ఉంచండి. చార్టు పిల్లవాడి కళ్ళ ఎత్తులో ఉండాలి. ఒకటో తరగతికీ ఎనిమిదో తరగతికీ ఒకే మేకుకు వేలాడదీయకండి.

గదిలో 3 మీటర్ల చార్టుతో కూడా చెయ్యొచ్చు, తప్పు కాదు. కానీ పిల్లలు ముందుకు వంగుతారు. 30 సెంటీమీటర్లు వంగితే 6 మీటర్ల దగ్గర వచ్చే తేడా నూటికి 5, 3 మీటర్ల దగ్గర నూటికి 10. అందుకే చోటుంటే 6 మీటర్లే.

ఇద్దరు టీచర్లూ ఒకే పిల్లవాడి దగ్గర పని చెయ్యాలి. ఒకరు చార్టు దగ్గర వేలితో కాక పెన్నుతో అక్షరం కింద చూపిస్తారు, వేలు పెడితే పక్క అక్షరం మూసుకుపోతుంది. రెండోవారు పిల్లవాడి పక్కన నిలబడి కన్ను మూసింది సరిగా ఉందో లేదో చూస్తారు. ఒక్కరే చేస్తే ఈ రెండో పని జరగదు, అక్కడే పరీక్ష పాడవుతుంది. పిల్లవాడికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పూటకి 40 మంది దాటించకండి. 118 మందికి మూడు పూటలు పెట్టుకోండి.

అమలాపురం నర్సు
కన్ను మూయడం గురించి ఇంకొంచెం. వేళ్ళతో మూయిస్తే సందుల్లోంచి చూస్తారు. కావాలని మోసం చెయ్యరు, మాష్టారి ముందు తప్పు చెప్పకూడదని తాపత్రయం. అరచేతిని దోనెలా వంచి, చెయ్యి ముక్కుకు ఆనేలా పెట్టించండి. కనుగుడ్డు మీద నొక్కకూడదు. నొక్కితే ఆ కన్ను పరీక్షకు వచ్చేసరికి కాసేపు మసకగా ఉంటుంది, లేని సైటు ఉన్నట్టు రాసుకుంటాం. అట్టముక్క వాడితే ప్రతి పిల్లవాడికీ కొత్తది ఇవ్వండి. కళ్ళకలకల కాలంలో ఒకే అట్ట అందరి ముఖాలకూ తగిలితే బడంతా ఎర్రకళ్ళే.

ఎప్పుడూ కుడికన్నే ముందు. మధ్యలో ఒకరికి ఎడమ ముందు చేశారా, రిజిస్టరులో కుడి ఎడమలు తారుమారవుతాయి. ముందే కళ్ళజోడున్న వాళ్ళకి జోడు పెట్టించే చూడండి, "జోడుతో" అని రాసుకోండి.

కళ్ళు చికిలిస్తే వెంటనే ఆపండి. రెప్పల మధ్య సన్నటి సందు చిన్న చిల్లులా పనిచేసి మసకను తగ్గిస్తుంది. మైనస్ పవరున్న, అంటే దూరం మసకగా కనిపించే పిల్లవాడు చికిలించి రెండు వరుసలు ఎక్కువ చదివేస్తాడు. "కళ్ళు మామూలుగా తెరువమ్మా" అని చెప్పి, ఆ వరుస మళ్ళీ అడగండి. చికిలించిన సంగతి కూడా రిజిస్టరులో రాయండి, డాక్టరుకు పనికొస్తుంది.

లంకబడి మాష్టారు
చిన్న తరగతుల వాళ్ళకు అక్షరాలు రావు కదా. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పిన చార్టు వాడదామనుకుంటున్నాం. ఒక్కో ‘ఈ’ని అట్టముక్క మీద అంటించి చూపిస్తే చాలదా?

భీమవరం ఆప్టోమెట్రీ
తిప్పిన ‘ఈ’ చార్టు సరైనదే. ‘ఈ’కున్న మూడు గీతలు ఏ వైపు తెరుచుకున్నాయో చెయ్యి చాపి చూపించమనండి. కుడి ఎడమ అని నోటితో చెప్పించకండి, ఆ వయసులో కుడి ఎడమలే తడబడతాయి. పరీక్షకు ముందు అరచేతంత పెద్ద ‘ఈ’ని మీటరు దూరంలో తిప్పి చూపించి ఆట నేర్పండి. ఆట అర్థం కాని పిల్లవాణ్ణి చూపు లేనివాడి కింద రాయొద్దు.

విడి అక్షరం మాత్రం వద్దు. సోమరి కన్ను, అంటే మెదడు పక్కన పెట్టేయడంతో చూపు ఎదగని కన్ను ఉన్న పిల్లలు విడిగా ఉన్న అక్షరాన్ని బాగానే పోలుస్తారు, పక్కన మరో నాలుగు అక్షరాలు ఉంటే తడబడతారు. మనం పట్టుకోవాల్సిన జబ్బే విడి అక్షరానికి దొరకదు. వరుస మొత్తం కనిపించాలి. లేదా అక్షరం చుట్టూ నాలుగు వైపులా గీతలున్న చార్టు కావాలి.

ఒక లెక్క చూడండి. ‘ఈ’కి నాలుగే దిక్కులు, గుడ్డిగా చెప్పినా నాలుగోవంతు సరిపోతుంది. నాలుగు అడిగి మూడు చెబితే పాస్ అంటే, ఏమీ కనపడని పిల్లవాడు అదృష్టం కొద్దీ పాసయ్యే అవకాశం 256లో 13, సుమారు నూటికి 5. అయిదు అడిగి నాలుగు కావాలంటే అది 1024లో 16కు, అంటే నూటికి ఒకటిన్నరకు దిగుతుంది. ఒక్క అక్షరం ఎక్కువ అడగడానికి మూడు సెకన్లు. అయిదు అడగండి. వరుసలో నిలబడ్డ పిల్లలు చార్టు చూడకూడదు, వాళ్ళు తరగతి గదిలోనే ఉండాలి. మూడో పిల్లవాడికల్లా వరుస కంఠతా వచ్చేస్తుంది.

కాకినాడ ఆప్తాల్మిక్ ఆఫీసర్
పంపే వరుస గురించి. నేను చెప్పేది 6/12, అంటే మంచి చూపున్నవాడు 12 మీటర్ల నుంచి చదివే వరుసను 6 మీటర్ల నుంచి చదవడం. ఏ ఒక్క కంటితోనైనా 6/12 వరుస చదవలేకపోతే పంపండి. చార్టులో అంతకన్నా కింది సన్న వరుస దగ్గర గీత పెడితే ఆసుపత్రిలో ఓపీ నిండిపోతుంది, నిజంగా అవసరమున్న పిల్లవాడు లైన్లో వెనకబడతాడు.

భీమవరం ఆప్టోమెట్రీ
ఇక్కడ నేను ఒప్పుకోలేను సార్. 5 ఏళ్ళు దాటిన పిల్లలకు 6/9 గీత పెట్టాలి. 6/12 చదివి 6/9 తప్పే పిల్లవాడికి ముప్పావు, ఒకటి మైనస్ ఉండొచ్చు. చివరి బెంచీ నుంచి బోర్డు మీద సన్న అక్షరం అతనికి ఆనదు. వయసును బట్టి గీత మారాలి: 3 ఏళ్ళకు 6/15, 4 ఏళ్ళకు 6/12, 5 దాటాక 6/9.

కాకినాడ ఆప్తాల్మిక్ ఆఫీసర్
6/9 దగ్గర తప్పిన వాళ్ళలో సగం మంది భయంతో, తొందరతో తప్పినవాళ్ళే ఉంటారు. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం రావాలంటే పంటు దాటాలి, తల్లి కూలి ఒక రోజు పోతుంది. వచ్చాక ఏమీ లేదని పంపేస్తే ఆ తల్లి మళ్ళీ రాదు. అందుకే చెబుతున్నా, గీత మార్చక్కర్లేదు, మెట్లు పెట్టండి. 6/12 తప్పితే నేరుగా పంపండి. 6/12 చదివి 6/9 తప్పితే వారం తర్వాత మరో టీచరుతో మళ్ళీ చూడండి. రెండోసారీ తప్పితే పంపండి. రెండు కళ్ళ మధ్య రెండు వరుసల తేడా ఉంటే, రెండూ పాసైనా సరే, వెంటనే పంపండి. సోమరి కన్నుకు అదే మొదటి జాడ.

భీమవరం ఆప్టోమెట్రీ
ఇది నాకు సమ్మతమే. దీనికి ఒకటి కలపండి. 6/9 హాయిగా చదివేసి, పుస్తకం చదివితే తలనొప్పి అనే పిల్లలకు ప్లస్ పవర్ ఉండొచ్చు. వాళ్ళ కంటి కండరం బిగించి దూరం బాగానే చూస్తుంది, చార్టుకు దొరకరు. +2.00 అద్దం పెట్టి అదే వరుస చదివించండి. మామూలు పిల్లవాడికి అలుక్కుపోవాలి. అద్దంతో కూడా చదివేస్తే ప్లస్ పవర్ ఉన్నట్టు లెక్క, పంపండి.

ముమ్మిడివరం అంగన్‌వాడీ
మా దగ్గర 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు. చార్టు దగ్గర నిలబడరు. మేం ఏం చూడొచ్చు?

పిల్లల కంటి వైద్యం
మీరు చూడగలిగినవి చాలా ఉన్నాయమ్మా, వాటికి చార్టు అక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు కంటిపాప. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా, పిల్లి కన్నులా మెరుస్తుంటే, లేదా ఫ్లాష్ ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పడితే ఆ వారంలోనే కంటి డాక్టరు చూడాలి. అది శుక్లం కావొచ్చు, కంటి క్యాన్సర్ కావొచ్చు. ఈ ఒక్క విషయంలో "తిరునాళ్ళు అయ్యాక చూద్దాం" అనకూడదు.

రెండోది మెల్లకన్ను. మన వైపు మెల్లకన్ను అదృష్టమంటారు, పెద్దయితే సరిపోతుందంటారు. నాలుగు నెలలు దాటిన బిడ్డకు కన్ను ఎప్పుడూ పక్కకే ఉంటే అది సరిపోదు. మెదడు ఆ కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది, చూపు ఎదగదు. టార్చి లైటు అరమీటరు దూరం నుంచి ముక్కు మీదకు వేసి, పిల్లవాడు లైటు చూస్తుండగా రెండు కంటిపాపల్లో మెరిసే చుక్క ఎక్కడుందో గమనించండి. రెండూ మధ్యలో ఉంటే, ముక్కు వెడల్పుగా ఉండటం వల్ల మెల్ల అనిపిస్తోందని అర్థం. ఒక కంట్లో చుక్క 1 మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే కన్ను దాదాపు 7 డిగ్రీలు తిరిగినట్టు.

మూడోది, ఒక కన్ను మూస్తే ఊరుకుని రెండో కన్ను మూస్తే ఏడ్చి చెయ్యి తోసేసే బిడ్డ. మీరు మూసింది చూపున్న కన్ను. ఈ చిన్న పరీక్ష ఏడాది బిడ్డకు కూడా చెయ్యొచ్చు.

విటమిన్ ఎ మీ చేతిలోనే ఉంది. 9వ నెలలో 1 మి.లీ., అంటే లక్ష యూనిట్లు. తర్వాత ప్రతి 6 నెలలకూ 2 మి.లీ., 5 ఏళ్ళ వరకు మొత్తం 9 మోతాదులు. సీసాతో వచ్చే చెంచాతోనే కొలవండి. పొద్దుగూకాక తడుముకునే బిడ్డనూ, తెల్లగుడ్డు మీద సబ్బు నురగలాంటి మచ్చ ఉన్న బిడ్డనూ తర్వాతి విడత దాకా ఆపకుండా పీహెచ్‌సీకి పంపండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి వేరు. 34 వారాల లోపు, లేదా 2 కిలోల లోపు పుడితే పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా, అంటే కంటి లోపలి వెనక పొర, చూపించాలి. 28 వారాల లోపు, లేదా 1200 గ్రాముల లోపైతే రెండు మూడు వారాలకే. డిశ్చార్జి కాగితంలో రాసి ఉందో లేదో ఆశా కార్యకర్త చూడాలి.

రాజోలు అమ్మ
బడిలో పంపమన్నారని వెళితే మందు వేసి మళ్ళీ చూడాలంటున్నారు. కంప్యూటర్ పరీక్షలో పవర్ వచ్చింది కదా, మందు ఎందుకు? పైగా చిన్నప్పుడే అద్దాలు పెడితే సైటు పెరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్ళ భయం.

పిల్లల కంటి వైద్యం
పిల్లల కంటి కండరానికి బిగువు ఎక్కువ. మిషన్లోకి చూసేటప్పుడు బిగిస్తే లేని మైనస్ చూపిస్తుంది, ఉన్న ప్లస్ దాస్తుంది. మందు ఆ బిగువును వదిలిస్తుంది. మెల్లకన్నున్న చిన్నపిల్లలకు సాధారణంగా అట్రోపిన్ 1 శాతం ఆయింట్‌మెంట్, మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని రమ్మంటారు. బియ్యపు గింజంత చాలు. కింది రెప్ప లాగి లోపల పెట్టి, ముక్కు పక్క కంటి మూలను ఒక నిమిషం నొక్కి పట్టండి, మందు గొంతులోకి దిగదు. పరీక్ష రోజు పొద్దున పెట్టకండి, నల్లగుడ్డు మీద జిడ్డు పొర ఉంటే లోపల కనపడదు. ముఖం ఎర్రబడి ఒళ్ళు కాలితే ఆపి డాక్టరుకు చెప్పండి. చేతులు కడుక్కోండి, ట్యూబు పిల్లలకు అందనీయకండి. ఆయింట్‌మెంట్ బదులు చుక్కల మందు వేస్తామంటే, వేసేముందు బిడ్డకు ఫిట్స్ ఉంటే తప్పకుండా చెప్పాలి.

అట్రోపిన్ పనిచేసినన్నాళ్ళు, ఒక్కోసారి 10 నుంచి 14 రోజులు, దగ్గరి అక్షరం మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు. పరీక్షల వారంలో పెట్టించుకోకండి. ఏటి మీద మెరుపు కళ్ళలో గుచ్చుతుంది, టోపీ పెట్టండి.

ఇక అద్దాలతో సైటు పెరగడమన్నది నిజం కాదమ్మా. పిల్లలు పెరిగే వయసులో కనుగుడ్డు పొడవు పెరుగుతుంది, దాంతో మైనస్ పెరుగుతుంది. అద్దం పెట్టినా పెట్టకపోయినా అది జరిగేదే. తక్కువ పవర్ ఇస్తే ఆగుతుందనుకోవడం కూడా తప్పు. ఉపయోగపడేది రోజుకు 2 గంటలు ఆరుబయట పగటి వెలుతురు. తెల్లారగానే ఒక ట్యూషను, సాయంత్రం ఇంకొకటి పెట్టి ఆ రెండు గంటలూ మనమే లాక్కుంటున్నాం. పుస్తకాన్ని మోచేతి నుంచి పిడికిలి అంత దూరంలో పట్టుకోవాలి.

కళ్ళజోళ్ళ షాపు, తణుకు
అద్దం వచ్చాక జరిగే తప్పులు చెబుతానండి. తల్లిదండ్రులు అడగరు, పిల్లలు చెప్పలేరు.

మొదటిది పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్ళ ఫ్రేములో పిల్లల అద్దం బిగిస్తే అద్దం మధ్య కంటి మధ్యకు రాదండి. −4 పవర్ అద్దం 5 మి.మీ. జరిగితే 2 ప్రిజం లాగుడు పడుతుంది, అంటే అద్దం బొమ్మను పక్కకు జరుపుతుంది, కన్ను దాని వెంట లాగాల్సి వస్తుంది. పిల్లవాడు తలనొప్పని తీసి సంచిలో పెడతాడు. మనం బద్ధకం అనుకుంటాం. కొలవాలంటే 40 సెం.మీ. దూరంలో ఎదురుగా కూర్చోండి. మీ కుడికన్ను మూసి, తెరిచి ఉన్న మీ ఎడమకన్నును చూడమని పిల్లవాడికి చెప్పండి. స్కేలు సున్నాను పిల్లవాడి కుడికంటి నల్లగుడ్డు బయటి అంచుకు పెట్టండి. స్కేలు కదపకుండా మీ ఎడమకన్ను మూసి, తెరిచిన మీ కుడికన్నును చూడమని, అతని ఎడమ నల్లగుడ్డు లోపలి అంచు దగ్గర అంకె చదవండి. అదే పీడీ. మూడుసార్లు కొలిచి రాసుకోండి.

రెండోది సిలిండర్ యాక్సిస్, అంటే ఒక దిక్కుకే ఉండే సిలిండర్ పవర్‌ను అద్దంలో ఏ కోణంలో పెట్టాలన్నది. 10 డిగ్రీలు తప్పితే సిలిండర్ పవర్లో మూడోవంతు దిద్దుబాటు పోయినట్టే, 30 డిగ్రీలు తప్పితే పెట్టినా పెట్టకపోయినా ఒకటే. గుండ్రటి ఫ్రేములో అద్దం వదులైతే తనంతట తనే తిరిగిపోతుంది. అందుకని సిలిండర్ ఉన్న పిల్లలకు గుండ్రటి ఫ్రేము వద్దంటానండి.

అద్దం పాలీకార్బొనేట్ అడగండి, బంతి తగిలినా పగిలి కంట్లో గుచ్చుకోదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి మెటల్ ఫ్రేము స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, ముక్కు ప్యాడ్ల దగ్గర పచ్చటి చిలుము వస్తుంది. ప్లాస్టిక్ ఫ్రేము, చెవి వెనక పట్టీ తీసుకోండి. గుడ్డతో పొడిగా తుడిస్తే ఇసుక రేణువులు గీకుతాయి. ముందు నీళ్ళతో కడిగి, ఆ తర్వాత నూలుగుడ్డతో అద్దండి.

లంకబడి మాష్టారు
ఒక కంటికి ప్లాస్టరు వెయ్యమని రాసిచ్చిన పిల్ల మా బడిలో ఉంది. బడిలో తీసేస్తోంది. మేం ఏం చెయ్యాలి?

పిల్లల కంటి వైద్యం
ఎన్ని గంటలు రాశారో చూడండి. ఓ మోస్తరు సోమరి కన్నుకు సాధారణంగా రోజుకు 2 గంటలు, బాగా తగ్గిన చూపుకు 6 గంటలు రాస్తారు. 2 గంటలే అయితే ఇంట్లో సాయంత్రం హోంవర్కుతో సరిపోతుంది, బడిలో పదిమంది ముందు వేయించక్కర్లేదు. ప్లాస్టరు మంచి కంటి మీద, చర్మానికి అంటాలి. దాని పైన కళ్ళజోడు. జోడు అద్దానికి అంటిస్తే పక్కనుంచి చూసేస్తారు. మన ఉక్కపోతకు చెమటపట్టి ఊడుతుంది, అందుకని ముఖం కడిగి పూర్తిగా ఆరాక అంటించండి. తీసేటప్పుడు అంచులకు కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు ఆగితే చర్మం లేవదు.

ప్లాస్టరు ఉన్నంతసేపు సైకిలు తొక్కనివ్వకండి, కాలవగట్టు మీదకు పంపకండి. ఆ వేళ ఆమె చూసేది బలహీనమైన కంటితో. డాక్టరు చెప్పిన తేదీకి తీసుకెళ్ళి రెండు కళ్ళూ చూపించాలి, ఎక్కువసేపు మూస్తే మంచి కంటి చూపు తగ్గొచ్చు. 7 ఏళ్ళలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. దాటినంత మాత్రాన వదిలెయ్యకండి.

అమలాపురం నర్సు
చెరువుల దగ్గర ఆడుకునే పిల్లలున్న బడి కాబట్టి ఇదీ రాస్తున్నా. చేపల చెరువుకు చల్లే సున్నం కంట్లో పడితే ముందు కడగాలి, ఆ తర్వాతే ఆటో పిలవాలి. పై రెప్ప తిప్పి సున్నం ముక్కల్ని తడి గుడ్డతో తీసి, 30 నిమిషాలు ఆపకుండా నీళ్ళు పొయ్యండి. కుళాయి మేలు, లేకపోతే తాగే నీళ్ళు, అదీ లేకపోతే కాలవ నీళ్ళే. నెయ్యి, ఆముదం, చనుబాలు వెయ్యకండి. వరి ఆకు గీరుకున్న కంటికి షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వెయ్యడం ఇంకా ప్రమాదం, బూజు ఇన్ఫెక్షన్ అయితే నల్లగుడ్డు పుండుపడి పోతుంది.

లంకబడి మాష్టారు
చార్టు ప్రింటు తీయించాం. 6/12 వరుసలో ‘ఈ’ ఎత్తు స్కేలుతో కొలిస్తే 16 మి.మీ. వచ్చింది. సరిపోతుందా?

భీమవరం ఆప్టోమెట్రీ
చాలదు మాష్టారూ. 6 మీటర్లకు 6/12 ‘ఈ’ ఎత్తు 17.5 మి.మీ. ఉండాలి. గీత మందం, గీతల మధ్య సందు 3.5 మి.మీ. చొప్పున. ప్రింటరు కాగితానికి సరిపెట్టుకోవడానికి కుదించేసింది. షాపులో 100 శాతం సైజులో తీయమని చెప్పి మళ్ళీ కొలవండి. మెరిసే ఫ్లెక్సు మీద, ల్యామినేషన్ మీద వద్దు, వెలుగు తిరగ్గొడుతుంది. ఈలోపు ఈ చార్టుతోనే మొదలుపెట్టాలంటే సుద్దగీత 6 మీటర్ల దగ్గర చెరిపేసి 5.5 మీటర్ల దగ్గర గియ్యండి, లెక్క సరిపోతుంది.